‘ముగిసింది’ అని రాసిన జాయింటు: ఆరున్నరేళ్ల తరువాత నా ఎస్‌యూవీ గురించి

ఈ బండి ఇంజను బలం, మైలేజీ, సీట్ల వరుసల గురించి నేను రాయబోవడం లేదు. కొనాలనుకునేవారికి అవన్నీ కంఠతా వచ్చే ఉంటాయి. కంపెనీ పేరు కూడా చెప్పను. 1,18,000 కిలోమీటర్లు తిరిగిన తరువాత ఈ బండి గురించి నాకు చెప్పాలనిపించేది ఒకటే మిగిలింది. అది ముందు చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ బాల్ జాయింటు గురించి, దాని రీకాల్ (లోపమున్న బళ్లను కంపెనీయే వెనక్కి పిలిచి సరిచేయడం) పేరుతో నన్ను మూడేళ్లుగా తిప్పుతున్న తీరు గురించి.

మాది ఒడిశాలోని కోరాపుట్ జిల్లా జయపురం. మందుల పంపిణీ వ్యాపారం కావడం వల్ల వారానికి ఒకటి రెండు సార్లు మల్కన్‌గిరి వైపో, నవరంగపూర్ వైపో వెళ్లవలసి వస్తుంది. అది కాక రెండు నెలలకోసారి మా అమ్మను మోకాళ్ల డాక్టరు దగ్గరికి విశాఖపట్నం తీసుకువెళ్లాలి. జయపురం నుంచి కోరాపుట్ ఎక్కి, సెమిలిగుడ, పొట్టంగి దాటి, సుంకి దగ్గర ఘాట్ దిగి, సాలూరు, రామభద్రపురం మీదుగా వెళ్లే ఆ దారిలో వానాకాలం నాలుగు నెలలూ ముందు చక్రాలు పడే పాట్లు ఆ దారిలో తిరిగేవారికి చెప్పనక్కరలేదు. 2019 ఫిబ్రవరిలో బండి కొన్న కొత్తలో, గుంతల్ని మింగేస్తుందే తప్ప లోపలివాళ్లకు తెలియనివ్వదని కనబడిన ప్రతివాడికీ చెప్పాను. నా మాట నమ్మి మా బావమరిది కూడా ఇదే బండి కొన్నాడు. ఆ మాట ఈ రోజుకీ అబద్ధం కాదు. అయితే మింగిన గుంతలన్నీ ఎక్కడికి పోతున్నాయో అప్పట్లో నేను ఆలోచించలేదు.

2022 ఆగస్టులో రీకాల్ ఉత్తరం వచ్చింది. కొన్ని బళ్లలో లోయర్ బాల్ జాయింటును కప్పే రబ్బరు బూటు సరిగా కూర్చోకపోవడం వల్ల నీరు, దుమ్ము లోపలికి చేరి జాయింటు త్వరగా అరిగే అవకాశం ఉందనీ, పరీక్షించి అవసరమైతే ఉచితంగా మారుస్తామనీ దాని సారాంశం. ఈ ‘అవసరమైతే’ అన్న ముక్కను ఆనాడు నేను పట్టించుకోలేదు. సెప్టెంబరులో సర్వీస్ సెంటరుకు తీసుకువెళ్తే, బండిని లిఫ్టు మీద పైకెత్తి, వేలాడుతున్న చక్రాలను రెండు చేతులతో ఊపి చూసి, ఇరవై నిమిషాల్లో దించేశారు. లూజు లేదన్నారు. ఛాసిస్ నంబరు ఎదురుగా రీకాల్ ‘ముగిసింది’ అని కంప్యూటరులో నమోదు చేసి, జాబ్ కార్డు నకలు చేతికిచ్చారు. నేను సంతోషంగా ఇంటికి వచ్చాను.

మరుసటి వానాకాలంలో ఎడమవైపు నుంచి చప్పుడు మొదలయింది. స్టీరింగు పూర్తిగా తిప్పి స్పీడ్ బ్రేకరు ఎక్కితే టక్కుమనేది, తిన్నని రోడ్డు మీద ఏమీ వినబడేది కాదు. మొదటిసారి లింక్ రాడ్లు మార్చి డబ్బు తీసుకున్నారు, రెండోసారి ఆర్ము (చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే ఇనుప చేయి) బుష్షులు మార్చి తీసుకున్నారు. రెండుసార్లూ బాల్ జాయింటు సంగతి అడిగాను. రెండుసార్లూ సర్వీస్ అడ్వైజరు కంప్యూటరు తెర నా వైపు తిప్పి ఆ ‘ముగిసింది’ అన్న మాటనే చూపించాడు.

2023 నవంబరులో అమ్మను తీసుకుని విశాఖ బయలుదేరాను. సుంకి ఘాట్ అంతా, లారీల వెనకాల, మామూలుగానే దిగాము. అమ్మకు కాఫీ కావాలంటే సాలూరులో ఒక హోటలు ముందుకు బండిని తిప్పాను. అప్పటి వేగం మనిషి నడకకు మించి ఉండదు. ఎడమవైపు నుంచి ఇనుప బిందె బండమీద పడినట్టు చప్పుడు వచ్చింది, బండి ఆ మూల నేలకు కూలబడింది. దిగి చూస్తే చక్రం అడుగుభాగం బయటికి తన్నుకుని, పైభాగం ఫెండరు లోపలికి వాలిపోయి ఉంది. బ్రేకు గొట్టం తెగడానికి సిద్ధంగా సాగి ఉంది. అరగంట క్రితం ఆ చక్రం ఏ మలుపుల్లో తిరిగిందో తలుచుకుని నేను అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాను. హోటలువాళ్లు సాయంపట్టి వెనక సీటులోంచి దించిన మా అమ్మ మాత్రం ఆ చక్రాన్ని కాసేపు పరీక్షగా చూసి, “దీనికీ మోకాలు అరిగిపోయిందేమిట్రా?” అంది. డాక్టర్లకన్నా, సర్వీస్ సెంటరుకన్నా ముందుగా రోగం సరిగా చెప్పినది ఆవిడే.

టోయింగ్ బండి రావడానికి ఐదు గంటలు పట్టింది. బండి ఒడిశా రిజిస్ట్రేషనుది, ఆగినది ఆంధ్రలో; ఏ రాష్ట్రం వైపువాళ్లు రావాలన్నది కంపెనీ సహాయ కేంద్రానికి తేలలేదు. సరిహద్దులో బతికేవాళ్లకు ఇటువంటివి అలవాటే కనుక దాని గురించి ఎక్కువ రాయను. అసలు బాధ మరునాడు మొదలయింది. రీకాల్ ముగిసిన బండి, వారంటీ దాటిన బండి, గుంతల రోడ్ల మీద నడిపిన బండి కనుక ఖర్చు నాదేనన్నారు. జాయింటు బూటు చిరిగి లోపల గ్రీజు బదులు ఎర్రమట్టి ఉందని ఫొటోలు చూపించి, వారం రోజులు ఉత్తరాలు రాసిన మీదట, ‘సుహృద్భావంతో’ ఎడమవైపు ఆర్మును జాయింటుతో సహా ఉచితంగా మార్చారు. కుడివైపు పరీక్షించాము, బాగానే ఉంది అన్నారు. ఎలా పరీక్షించారని అడిగితే మళ్లీ అదే లిఫ్టు, అదే చేతి ఊపుడు.

జయపురంలో పాత జీపుల కాలం నుంచి షెడ్డు నడుపుతున్న ఒక పెద్దాయన ఉన్నాడు, మేమంతా బాబాయ్ అని పిలుస్తాము. ఆయన దగ్గరికి తీసుకువెళ్లి కుడివైపు చూడమన్నాను. జాకీని ఛాసిస్ కింద కాక సరిగ్గా లోయర్ ఆర్ము కింద, జాయింటుకు దగ్గరగా పెట్టి లేపాడు. చక్రం కింద గడ్డపార దూర్చి మెల్లగా పైకి ఎత్తాడు. చక్రం కదిలింది, జాయింటు దగ్గర వేలు పెట్టిన నాకు ఆ కదలిక స్పష్టంగా తగిలింది. “బండి బరువంతా మోసే జాయింటు బాబూ ఇది. ఛాసిస్ పట్టుకుని వేలాడదీస్తే లోపల స్ప్రింగు ఆర్మును కిందికి తొక్కే ఉంటాది, జాయింటు బిగిసే ఉంటాది. అప్పుడు ఊపితే ఏటి తెలుస్తాది? ముందు దాని మీద బరువు తియ్యాల” అన్నాడు. స్ప్రింగు లోయర్ ఆర్ము మీద కూర్చునే ఇటువంటి అమరికలో ఈ జాకీ సంగతి మెకానిక్కులు నేర్చుకునే మొదటి పాఠాలలో ఒకటి. జాయింటు తయారీలో లోపం ఉండడాన్ని నేను క్షమించగలను. ఏ కంపెనీకైనా ఒక విడత సరుకు చెడిపోవచ్చు. ఆ లోపాన్ని వెతకడానికే పిలిపించి, అది కనబడని పద్ధతిలో చూసి, కనబడలేదని రాసి పంపడాన్ని మాత్రం క్షమించలేకపోతున్నాను.

ఆయన చేసిన పరీక్షను వీడియో తీసి పంపిన తరువాత కుడివైపు మార్చడానికి ఒప్పుకున్నారు. భాగం రావడానికి పదకొండు వారాలు పట్టింది. రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం సర్వీస్ సెంటరుకు వెళ్తే పెట్టెలో ఉన్నది ఎడమవైపు ఆర్ము. రెండోసారి సరైనదే వచ్చింది, బిగించారు. అలైన్‌మెంటు (చక్రాల కోణాలు సరిచేయడం) మాత్రం రీకాల్ పనిలోకి రాదంటూ చేయలేదు, చేయలేదని నాకు చెప్పనూ లేదు. 4,000 కిలోమీటర్లలో ముందు టైర్లు రెండూ లోపలి అంచున తీగలు బయటపడేదాకా అరిగాయి. ఆర్ము మార్చిన ప్రతిసారీ అలైన్‌మెంటు చూపించుకోవాలని అప్పుడే తెలుసుకున్నాను. టైర్ల డబ్బు నాదే.

2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి రీకాల్ కోసం 110ఏ సెక్షను చేర్చారు. దాని నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. ఏడేళ్ల లోపు వయసున్న బళ్లకు అవి వర్తిస్తాయి. రీకాల్ చేయమని ప్రభుత్వం ఆదేశించే దాకా వస్తే తయారీదారుకు 10 లక్షల నుంచి కోటి రూపాయల వరకు జరిమానా ఉంది. చదివినప్పుడు ధైర్యంగానే ఉంటుంది. కానీ జాకీ ఎక్కడ పెట్టాలో చట్టం చెప్పదు కదా. 2026 ఫిబ్రవరికి నా బండికి ఏడేళ్లు నిండుతాయి.

మరి ఈ బండి కొనవచ్చా అని అడిగితే నా జవాబు నా అవసరాలను దాటి వెళ్లదు. విశాఖలోనో, భువనేశ్వర్‌లోనో నున్నటి రోడ్ల మీద తిరుగుతూ, సర్వీస్ సెంటరు పక్క వీధిలోనే ఉన్నవారికి ఈ బాధ తగలకపోవచ్చు. మా బావమరిది బరంపురంలో ఇదే బండిని 60,000 కిలోమీటర్లు చప్పుడు లేకుండా నడిపాడు. అతనికి మొదటి పరీక్షలోనే రెండు జాయింట్లూ మార్చారు కూడా. నా మటుకు నేను అమ్మడం లేదు. మందుల పెట్టెలు ఇన్ని పట్టే బండి ఈ ధరలో నాకు మరొకటి దొరకదు, పైగా ఇప్పుడు కింద ఉన్నవి రెండూ కొత్త జాయింట్లు. 5,000 కిలోమీటర్లకోసారి బాబాయ్ షెడ్డులో జాకీ ఎక్కించి చూపించుకుంటున్నాను, ఆయన ఇంతవరకూ డబ్బు పుచ్చుకోలేదు. మా అమ్మ మాత్రం ఆ రోజు తరువాత ఈ బండిలో ఘాట్ దిగలేదు. విశాఖ వెళ్లాలంటే కిరండూల్ పాసింజరుకు టికెట్టు తీయమంటుంది.