ఆరేళ్లుగా తిప్పుతున్న డ్రమ్ము

కెమెరా ఫిల్మ్‌ని ఇంట్లోనే డెవలప్ చేసుకునే జోబో 3010 డ్రమ్ము మా ఇంటికొచ్చి ఆరేళ్లయింది. జర్మనీలో ఉండే మా బావమరిది సెకండ్‌హ్యాండ్‌లో కొని, సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టి హైదరాబాదు తెచ్చాడు. లోపల ఐదు గొట్టాలు, ఒక్కో దాంట్లో రెండేసి 4×5 అంగుళాల ఫిల్మ్ షీట్లు. అంటే ఒక విడతకి పది. అంతకుముందు ట్రేల్లో చేసేవాణ్ని. చీకట్లో ఆరు షీట్లని పేకముక్కల్లా కిందవి పైకి మారుస్తుంటే ఒకదాని మూల ఇంకోదాని ఎమల్షన్‌ని, అంటే బొమ్మ పడే పూతని, గీసేది. డ్రమ్ము వచ్చాక ఆ గీతల గొడవ పోయింది. ఆకాశం ఎక్కడా మరక లేకుండా వస్తోంది. షీట్ ఫిల్మ్ ధర తెలిసినవాళ్లకి ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

మొదటి కొన్ని నెలలు మాత్రం ఏడ్చాను. తప్పు డ్రమ్ముది కాదు, నాదే. డెవలపర్, అంటే ఫిల్మ్ మీద బొమ్మని బయటికి తెచ్చే మందు, కనీసం 210 మి.లీ. పోస్తే చాలని చదివి, పది షీట్లకీ అంతే పోశాను. నెగటివ్‌లు నీళ్లలా పల్చగా వచ్చాయి. ఆ 210 అనేది తిరిగేటప్పుడు ఫిల్మ్ తడవడానికి సరిపోయే కొలత. డెవలపర్‌లో సత్తువ చాలుతుందా అన్నది వేరే లెక్క. నాలుగు 4×5 షీట్లు కలిపితే దాదాపు ఒక 36 ఫ్రేముల రోలంత. నేను వాడే డెవలపర్ ఐడీ-11. దాని స్టాక్, అంటే ఇంకా పల్చన చేయని ద్రావణం, లీటరుకి పది రోల్స్, అంటే రోల్‌కి 100 మి.లీ. పది షీట్లంటే రెండున్నర రోల్స్, 250 స్టాక్. నేను దానికి సమానంగా నీళ్లు కలుపుతాను కాబట్టి మొత్తం 500. అలా పోయడం మొదలుపెట్టాక పల్చటి నెగటివ్ మళ్లీ చూడలేదు.

రెండో తప్పు ఇంకా సిల్లీ. డ్రమ్ముని పడుకోబెట్టి తిప్పే రోలర్లు బాత్రూంలో పెట్టి చేత్తో తిప్పేవాణ్ని. బాత్రూం నేల తూము వైపు వాలుగా ఉంటుందన్న సంగతి తట్టలేదు. కెమికల్ అంతా ఒక చివరకి చేరి, రెండో చివరున్న షీట్లు వెలిసిపోయినట్టు వచ్చేవి. మేస్త్రీలు వాడే రసమట్టం ఒకటి కొని ఇల్లంతా కొలిస్తే పడకగది నేలే సమంగా తేలింది.

అలా పడకగదికి మారడంతో టెంపరేచర్ టెన్షన్ కూడా తీరింది. పుస్తకాల్లో 20 డిగ్రీలంటారు. మే నెలలో మా మిద్దె మీది ట్యాంకు నీళ్లు చేయి పెట్టనివ్వవు. ఐసు బకెట్లతో రెండేళ్లు కుస్తీ పట్టి, చివరికి ఏసీని 24లో పెట్టి, సీసాలన్నీ పొద్దున్నుంచీ ఆ గదిలోనే ఉంచడం మొదలుపెట్టాను. వాటర్ బాత్, అంటే సీసాలు ఒకే వేడిలో ఉంచే నీళ్ల తొట్టి, అవసరం పడలేదు. నేను వాడే ఎఫ్‌పీ4 ప్లస్ ఫిల్మ్‌కి ఇదే డెవలపర్‌లో 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలని దాన్ని తయారుచేసే ఇల్‌ఫోర్డ్ లెక్క. ముందు ఐదు నిమిషాలు మంచినీళ్లతో తిప్పి, తర్వాత 24లో 7 నిమిషాలు, అటో చుట్టు ఇటో చుట్టు తిప్పితే నాకు కుదిరింది. "పడకగదిలో ఈ ఫిక్సర్ కంపేంటండీ" అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

మూత గట్టిగా పట్టేస్తుంది. దాన్ని కాలితో తొక్కే పంపుతో గాలి కొట్టి లేపాలి. మొదటిసారి స్క్రూడ్రైవర్‌తో లేపబోయి అంచు చెక్కేసుకున్నాను, మీరు ఆ పని చేయకండి. షీట్ ఎక్కించేటప్పుడు ఎమల్షన్ గొట్టం లోపలి వైపుకి ఉండాలి. గొట్టంలో ఒక్క చుక్క నీళ్లున్నా ఫిల్మ్ అతుక్కుని కిందికి దిగదు. అందుకే ఒకరోజు వాడితే కడిగి బోర్లించి, మర్నాడే మళ్లీ ముట్టుకుంటాను. చివర్లో నీటి మరకలు పడకుండా వాడే వెట్టింగ్ ఏజెంట్ డ్రమ్ములో పోయొద్దు, విడిగా ట్రేలో ముంచండి.

నెలకి రెండు షీట్లు తీసేవాళ్లకి ఇంత డబ్బు దండగ. పదికి దగ్గరగా పోగయ్యేవాళ్లయితే కళ్లు మూసుకుని కొనొచ్చు. కాకపోతే లోపలున్న పదింటికీ ఒకటే టైము, ఒక షీటుకి ఎక్కువా ఇంకోదానికి తక్కువా ఇవ్వడం కుదరదు. ఎండా నీడా తేడా మరీ ఎక్కువున్నవి విడిగా దాచి, వాటికోసం అటక మీంచి పాత ట్రేలే దించుతున్నాను.