సంతలో కొన్న పాత కత్తి: వెనిగరా, నూనెనా? సాన చక్రమా, రాయా?

హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ ఆదివారం సంత లాంటి చోట్ల పాత ఇనుప సామాన్లలో మడతపడని కత్తులు చవగ్గా తగులుతుంటాయి. చెక్క పిడి, ఇత్తడి రివిట్లు, ఎర్రగా తుప్పు పట్టిన బ్లేడు. దాన్ని బాగుచేయడానికి ఒక్కో పనికీ రెండేసి దారులున్నాయి. ఏ దారిలో వెళ్లినా పోయిన ఉక్కు తిరిగి రాదు కాబట్టి, తక్కువ ఉక్కు తినే దారికే నా ఓటు.

కొనేముందు అది కార్బన్ ఉక్కో, స్టెయిన్‌లెస్సో చూసుకోవాలి. అయస్కాంతం పెట్టి లాభం లేదు, కత్తులకు వాడే స్టెయిన్‌లెస్ కూడా చాలావరకు అంటుకుంటుంది. తుప్పు లేని చోట నిమ్మరసం చుక్క వేసి కాసేపు ఆగండి. మచ్చ పడితే కార్బన్ ఉక్కు. అంచు దగ్గర నీలం రంగు తిరిగి ఉన్నా, వెంట్రుకంత పగులు కనిపించినా ఎంత చవకైనా వదిలేయండి. నీలం తిరిగిందంటే ఎవరో గ్రైండర్ మీద కాల్చేశారన్నమాట.

ఇక తుప్పు. అందరూ మొదట చెప్పేది వెనిగరే. పని చేస్తుంది, అందులో అనుమానం లేదు. కానీ వెనిగర్ తుప్పుతో ఆగదు, కింది ఉక్కునూ తింటుంది. రాత్రంతా నానబెడితే బ్లేడు నల్లబడి గరుకెక్కుతుంది, సన్నటి అంచు ముందుగా దెబ్బతింటుంది. పైగా పిడితో సహా ముంచితే ఆ ద్రవం చెక్కకూ ఉక్కుకూ మధ్య సందులో చేరి లోపల కొత్త తుప్పు మొదలవుతుంది. నూనె, స్టీల్ ఉన్నితో రుద్దడానికి ఓపిక కావాలి, చేతులు మురికవుతాయి. కానీ చెడేది ఏమీ లేదు. కంపెనీ ముద్ర ఉంటే అదీ మిగులుతుంది.

పైపైన ఎర్రటి పొడిలా ఉన్న తుప్పుకు నూనె చాలు. పొరలు పొరలుగా లేచిపోయే తుప్పయితే వెనిగర్‌కు వెళ్లక తప్పదు. అప్పుడు కూడా ముంచకుండా, వెనిగర్‌లో తడిపిన టిష్యూ పేపర్‌ను బ్లేడుకు మాత్రమే చుట్టి, అరగంటకోసారి విప్పి చూసుకుంటూ రుద్దాలి. అయ్యాక తినే సోడా నీళ్లతో కడిగి, వెంటనే తుడిచి నూనె రాయాలి. అలా తడిగా వదిలేస్తే చూస్తుండగానే మళ్లీ ఎర్రబడుతుంది. ఎర్రది పోయాక మిగిలే నల్లటి, బూడిదరంగు మచ్చల్ని తళతళలాడించాలని వాటర్ పేపర్ పట్టుకుని కూర్చునేవాళ్లున్నారు. అది అందం కోసమే. ఆ నల్లటి పొర కొత్త తుప్పును కొంత ఆపుతుంది కూడా, నేనైతే ముట్టుకోను.

అసలు కథ పదును దగ్గర. సైకిల్ మీద చక్రం తిప్పుతూ వీధిలోకి వచ్చే సాన పట్టే అతను క్షణాల్లో పని ముగిస్తాడు, డబ్బులూ ఎక్కువ కావు. షాపుల్లో కరెంటు గ్రైండర్ ఇంకా వేగం. ఇబ్బందల్లా వేడితోనే. కార్బన్ ఉక్కు కత్తిని గట్టిపరిచాక సాధారణంగా 200 డిగ్రీల సెల్సియస్ అటూ ఇటూ మళ్లీ వేడిచేసి దాని పెళుసుతనం తగ్గిస్తారు. పొడి చక్రం మీద సన్నటి అంచు అంతకంటే ఎక్కువ వేడెక్కడానికి ఎంతోసేపు పట్టదు. 300 దగ్గర నీలం తిరుగుతుంది, అక్కడ ఉక్కు మెత్తబడుతుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు నూరినా రెండు రోజుల్లో మొండిదైపోతుంది.

రాయి మీద ఆ భయం లేదు. రెండు వైపులా రెండు రకాల గరుకున్న కార్బోరండం రాయి హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. నీళ్లు చల్లి, 20 డిగ్రీల వాలులో రుద్దాలి. కొలత ఎలా అంటారా, బ్లేడు వెడల్పు 4 సెంటీమీటర్లయితే దాని వెన్ను (పదును లేని మందపాటి వైపు) రాయికి దాదాపు 1.4 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. అంచు మీద మార్కర్ పెన్నుతో గీత గీసి రెండుసార్లు రుద్దండి. సిరా అంచు చివరి దాకా చెరిగితే వాలు కుదిరినట్టు, పైన మాత్రమే చెరిగితే వెన్ను కాస్త ఎత్తండి. ఒక వైపు అరిగాక, రెండో వైపు బొటనవేలిని అంచు నుంచి బయటికి జరిపితే సన్నటి రేకు తగలాలి. మొదలు నుంచి కొస దాకా అది తగిలాకే తిప్పి రెండో వైపు మొదలుపెట్టండి. చాలామంది ఓపిక చచ్చి మధ్యలోనే తిప్పేస్తారు, అందుకే పదును రాదు. చివర్లో పాత తోలు బెల్టు మీద వెనక్కి లాగితే ఆ రేకు రాలిపోతుంది.

అలాగని సాన పట్టే అతన్ని పక్కన పెట్టేయక్కర్లేదు. అంచులో పెద్ద పెద్ద నొక్కులుంటే రాయి మీద పూటంతా కూర్చోవడం దండగ. నొక్కులు పోయేదాకా మాత్రమే, ఆగి ఆగి, నీళ్లలో ముంచుతూ పట్టమని చెప్పి, చివరి పదును ఇంట్లో రాయి మీద పెట్టుకోవచ్చు.

పిడి కదలకుండా ఉంటే మార్చకండి. మెత్తగా శాండ్ పేపర్ పట్టి అవిసె నూనె రెండు మూడు పూతలు వేస్తే సరిపోతుంది. ఆ నూనె తుడిచిన గుడ్డను ఉండ చుట్టి మూలన పడేయొద్దు, తనంతట తానే వేడెక్కి అంటుకునే ప్రమాదముంది. విప్పి బయట ఆరబెట్టండి. బ్లేడుకు మాత్రం వేరుశనగ నూనె వద్దు, జిగురెక్కుతుంది. మందుల షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ రెండు చుక్కలు చాలు.