టైమర్ యాప్‌తో నాలుగేళ్లు: అసలు లెక్క రౌండింగ్ దగ్గరే ఉంది

ఎనిమిది మంది పనిచేసే మా అకౌంట్స్ ఆఫీసులో టైమర్ యాప్ పెట్టి నాలుగేళ్లు దాటింది. అంతకుముందు శుక్రవారం సాయంత్రం కూర్చుని, వారమంతా ఏం చేశామో గుర్తు తెచ్చుకుని ఎక్సెల్‌లో నింపేవాళ్లం. సోమవారం ఎవరి పని ఎంతసేపు చేశామో గురువారానికే గుర్తుండదు. అందుకే ఆ షీట్‌లో అన్నీ రెండు గంటలు, మూడు గంటలు అనే ఉండేవి. వాటి మీదే బిల్లులు వేసేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే బాధేస్తుంది.

యాప్ వాడకం తేలికే. క్లయింటు పేరు, పని పేరు ఎంచుకుని స్టార్ట్ నొక్కాలి, అయ్యాక స్టాప్. ఆపడం మరిచి భోజనానికి వెళ్తే, తిరిగొచ్చాక ‘ఇంతసేపు కంప్యూటర్ కదల్లేదు, ఈ టైమ్ తీసేయమంటారా’ అని అడుగుతుంది. ఇది లేకపోతే మొదటి నెలలోనే వదిలేసేవాళ్లం.

మేం దెబ్బతిన్నది రౌండింగ్ దగ్గర. ప్రతి ఎంట్రీ, అంటే ఒక్కో స్టార్ట్-స్టాప్ మధ్య సమయం, పైకి 15 నిమిషాలకు సర్దుకునేలా సెట్టింగ్ పెట్టాం: 7 నిమిషాలు చేసినా 15గానే లెక్క. ఒకరోజు ఓ క్లయింటు ఫోన్ చేశారు. ముందటి నెలలో ఒకే రోజు ఆయనతో మూడుసార్లు మాట్లాడాం, ఒక్కో కాల్ 7 నిమిషాలు. మొత్తం 21 నిమిషాలైతే బిల్లులో 45 పడింది. ‘‘నా ఫోన్‌లో కాల్ లాగ్ ఉందండీ, పంపమంటారా?’’ అన్నారు. నాకు నోట మాట రాలేదు. తేడా డబ్బు తిరిగిచ్చేశాం.

తర్వాత లాయర్లు వాడే 6 నిమిషాల లెక్కకు, అంటే గంటలో పదో వంతుకు మారాం. కానీ దాన్నీ ఎంట్రీకోసారి వేస్తే ఆ 21 కాస్తా 36 అవుతుంది. రోజు మొత్తం కూడి ఒక్కసారే సర్దితే 24. మా యాప్ ఎంట్రీల మీదే రౌండింగ్ చేస్తుంది కాబట్టి దాన్ని పూర్తిగా ఆపేసి, ఇన్వాయిస్ వేసేటప్పుడు మేమే సర్దుకుంటున్నాం. కొనే ముందు ఈ ఒక్క సెట్టింగ్ తప్పకుండా చూసుకోండి.

టైమర్ అనగానే స్టాఫ్‌కి టెన్షన్ సహజం. స్క్రీన్‌షాట్లు తీసే ఆప్షన్ నేను మొదటి రోజే ఆపేశాను. అయినా కొత్తగా చేరిన అమ్మాయి, పని ఇంకా సరిగా తెలియక ఆలస్యమవుతోందని మధ్యలో స్టాప్ నొక్కేసి మిగతాది టైమర్ లేకుండానే పూర్తిచేసేదట. రోజంతా తలెత్తకుండా పనిచేసినా రిపోర్టులో నాలుగు గంటలే కనిపించేవి. ఆ అమ్మాయి కష్టం నా కంట పడకుండా పోయిందే అని చాలా బాధపడ్డాను. ఆ వారమే బిల్లు వేయని పద్దులు రెండు తెరిచాం: ‘నేర్చుకోవడం’, ‘మా తప్పు సరిదిద్దడం’. చేసిన ప్రతి నిమిషం రాయాలి, అందులో క్లయింటు ఇవ్వాల్సిందే క్లయింటు ఇవ్వాలి. నెల ఫీజు మీద చేసే ఒక పనికి అనుకున్నదానికి రెట్టింపు గంటలు పోతున్నాయని కూడా అప్పుడే బయటపడింది. రిపోర్టు ముందుపెట్టి మాట్లాడితే ఆ క్లయింటే ఫీజు పెంచడానికి ఒప్పుకున్నారు.

లోపాలూ ఉన్నాయి. పాత ఎంట్రీని ఎవరు మార్చారో మా ప్లాన్‌లో కనిపించదు, అందుకే ప్రతి సోమవారం కిందటి వారాన్ని లాక్ చేస్తాం. ఇన్వాయిస్ నమూనా పనికిరాదు. గంటలను బయటికి తీసుకుని బిల్లు విడిగా తయారుచేసి, రోజువారీ వివరం జతచేసి పంపుతున్నాం. ‘బ్యాంకు స్టేట్‌మెంట్ సరిచూడడం, 42 నిమిషాలు’ అని వరుసగా ఉంటుంది. కాల్ లాగ్ పంపమంటారా అన్న ఆ క్లయింటు ఇప్పటికీ మా దగ్గరే ఉన్నారు, బిల్లు కన్నా ముందు ఆ కాగితమే చూస్తారు.