ఆఫ్రికా పాఠానికి ఏది మేలు: ఒక రోజు పండగా, గుంటల పీటా?

బడిలో ఆఫ్రికా గురించి చెప్పడానికి ఎక్కువమందికి తట్టేది మే 25న ఆఫ్రికా దినోత్సవం. 1963లో అడిస్ అబాబాలో ఆఫ్రికా ఐక్యతా సంస్థ పుట్టిన రోజది. జెండాలు, పాటలు, హడావిడి బాగానే ఉంటాయి. కానీ 54 దేశాలను ఒక్క పూటలో చుట్టేస్తే పిల్లలకి గుర్తుండేది సింహం బొమ్మే. పైగా మన దగ్గర అప్పటికి వేసవి సెలవులు!

నా ఓటు ఘనావాళ్ల ఒవారే ఆటకి. పీట మీద రెండు వరసలు, వరసకి ఆరు గుంటలు, గుంటకి నాలుగు గింజలు, మొత్తం 48. ఒక గుంట ఖాళీ చేసి, ఒక్కో గింజా పంచుకుంటూ పోవాలి. ఎదుటివాళ్ల గుంటలో మన చివరి గింజ పడి, అక్కడ రెండో మూడో అయితే అవి మనవి. అవతలివైపు గింజలే లేకపోతే, వీలున్నంతవరకు వాళ్లకి అందేలా ఆడి తీరాలి. ఈ రూల్ దగ్గర పిల్లలు ఊరుకోరు, “ఎందుకివ్వాలి?” అంటారు. అసలు పాఠం అక్కడే మొదలవుతుంది. మన వామనగుంటల్లో వరసకి ఏడు గుంటలు కదా, ఒక్కోటి వదిలేస్తే అదే పీట, అవే చింతపిక్కలు. ఖర్చు సున్నా.

ఒవారే ఒక్కటే ఆఫ్రికా అనుకునే ప్రమాదం దీనిలోనూ ఉంది. అందుకే మర్నాడు టాంజానియా బావో చూపించాలి: నాలుగు వరసలు, 32 గుంటలు.