బంతి వెనకే పరిగెత్తే కెమెరా: మూడు స్టార్లు

ముందే చెప్పేస్తున్నాను, అమెరికా స్కూలు ఆటల్ని లైవ్ చూపించే ఇంటర్నెట్ సర్వీసుకి నేను ఇచ్చింది మూడు స్టార్లే. నాలుగోది ఇవ్వబుద్ధి కాకపోవడానికి కారణం ఒక్క ఆట. అందులోనూ ఒక్క పది సెకన్లు.

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్లలో 31 ఏళ్లు పీఈటీగా చేసి రిటైరయ్యాను. శ్రీకాకుళం బలగలో ఉంటాం. అమ్మాయి, అల్లుడు టెక్సస్‌లో, డాలస్ దగ్గర. మనవడు అక్కడి హైస్కూలు టీములో ఫుట్‌బాల్ ఆడతాడు. ఫుట్‌బాల్ అంటే మన కోడి రామ్మూర్తి స్టేడియంలో కాలితో తన్నేది కాదు. రెండు కొసలూ మొనదేలిన బంతిని చంకలో ఇరికించుకుని పరిగెత్తేది. ఆ స్కూలు ఆటల్ని ఇంటర్నెట్‌లో లైవ్ చూపించే సర్వీసుకి సబ్‌స్క్రిప్షన్ తీసుకోమని అమ్మాయి పోరితే ఆగస్టులో తీసుకున్నాను. పేరు రాయడం లేదు. తిట్టాల్సింది కొంచెం ఎక్కువే ఉంది, ఎవరి పొట్టా కొట్టడం నాకిష్టం లేదు.

నెలకి మన డబ్బుల్లో వెయ్యి రూపాయల పైమాటే. కట్టడానికి రెండు రోజులు పట్టింది. మన డెబిట్ కార్డులో విదేశీ చెల్లింపులు ఆఫ్ చేసి ఉంటాయి, బ్యాంకు యాప్‌లోకి వెళ్లి మనమే ఆన్ చేసుకోవాలి. ఆ సంగతి తెలియక కార్డు పాడైందనుకుని బ్యాంకు చుట్టూ తిరిగాను. మీరు తిరక్కండి.

టైము విషయంలో మాత్రం జాగ్రత్త. యాప్ వాళ్ల టైమే చూపిస్తుంది. అక్టోబరులో శుక్రవారం రాత్రి ఏడున్నర ఆట మనకి శనివారం పొద్దున్న ఆరింటికి. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుతారు, అక్కడి నుంచి అదే ఆట మనకి ఏడింటికి. అది మరిచిపోయి ఒక శనివారం నేనూ మా ఆవిడా గంటసేపు ఖాళీ గ్రౌండు చూస్తూ కూర్చున్నాం. ఆ ఖాళీ గ్రౌండు మాత్రం అద్భుతంగా కనిపించింది. పచ్చగా, గీతలన్నీ తీర్చిదిద్దినట్టు. మా స్కూల్లో గీతలకి సున్నం నా జేబులోంచే కొనేవాడిని. అక్కడ డాలస్ పక్కన అలెన్ అనే ఊళ్లో హైస్కూలు పిల్లల ఆట కోసం 2012లో 6 కోట్ల డాలర్లు పెట్టి 18,000 మంది పట్టే స్టేడియం కట్టారు. రెండేళ్లు తిరక్కుండా కాంక్రీటు బీటలిచ్చి మూసేశారు, బాగుచేసి 2015లో మళ్లీ తెరిచారు. ఇది విన్నాక నా సున్నం మీద నాకు గౌరవం పెరిగింది.

సరే, సర్వీసు దగ్గరికి వద్దాం. కెమెరా వెనక మనిషి ఉండడు. స్టాండ్ల పైన బిగించిన కెమెరా బంతి ఎటు పోతే అటు తనంతట తనే తిరుగుతుంది. 2020లో స్కాట్లాండులో, కాలితో తన్నే ఫుట్‌బాల్ ఆటలో, ఇలాంటి కెమెరాయే లైన్స్‌మన్ బట్టతలని బంతి అనుకుని మాటిమాటికీ ఆయన వెంట పడింది. మా దానికి అంత తెలివితక్కువతనం లేదు, బంతిని బాగానే పట్టుకుంటుంది. నా బాధ కూడా అదే.

మావాడు బంతి ముట్టుకునే ఆటగాడు కాదు. బంతి విసిరేవాడికి ముందు ఐదుగురు గోడలా నిలబడతారు. వాళ్లలో ఎడమ పక్క రెండోవాడు, 63 నంబరు. ఎదుటివాళ్లు మీదికి దూసుకొస్తుంటే ఛాతీతో ఆపాలి, తోయాలి. చొక్కా పట్టుకుని లాగితే మాత్రం తప్పు అని రిఫరీ పసుపు గుడ్డ విసురుతాడు, టీము పది గజాలు వెనక్కి. నేను పిల్లలకి కబడ్డీలో చీలమండ పట్టు నేర్పినవాణ్ణి, పట్టుకోకుండా ఆపమంటే నాకే వింతగా ఉంది. ఆ బలం కోసం వాడు రోజూ బరువులెత్తుతాడు. సిడ్నీలో 2000లో మెడల్ తెచ్చిన కరణం మల్లీశ్వరిది మన ఆమదాలవలసేరా, నీకు రాకుండా ఎక్కడికి పోతుంది అని నేను ఫోన్లో ఎగేస్తుంటాను.

కబడ్డీలో జనమంతా రైడర్నే చూస్తారు. నేను కార్నర్ కుర్రాడి కాళ్లు చూసేవాణ్ణి. ఎవడు ముందుకి వంగాడు, ఎవడు భయపడ్డాడు, అంతా అక్కడే తెలుస్తుంది. ఈ కెమెరా జనం బాపతు. బంతి కదిలిన క్షణం నుంచి మా గోడ తెరలోంచి మాయం. మా ఆవిడ ఆగస్టు నుంచీ ఒకటే మాట: "ఏడండీ మన గుంటడు? ఒక్క పాలీ సరిగ్గా కనబడ్డేటి?" పైగా హెల్మెట్లలో అందరూ ఒకేలా ఉంటారు.

నవంబరులో ప్లేఆఫ్ వచ్చింది. జిల్లాలాగా విడదీసిన ఒక్కో గ్రూపులో మొదటి నాలుగు టీములే దీనికి వెళ్తాయి, ఓడితే ఆ ఏడాదికి ఇంటికే. మావాళ్లు నాలుగో స్థానంలో గట్టెక్కారు. పన్నెండేసి నిమిషాల క్వార్టర్లు నాలుగు కదా, గంటలో అయిపోతుందని పొయ్యి మీద ఏమీ పెట్టుకోకండి. రెండున్నర గంటల పైనే పడుతుంది. ఆ రోజు రెండో క్వార్టర్లో కరెంటు పోయింది. టీవీకి ఇన్వర్టర్ ఉంది, రౌటర్‌కి లేదు. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టేసరికి ఒక టచ్‌డౌన్, అంటే బంతితో అవతలి గీత దాటి పాయింట్లు కొట్టడం, చూడకుండానే పోయింది. రౌటర్‌ని కూడా ఇన్వర్టర్‌కి కలిపించుకోండి.

హాఫ్‌టైములో బ్యాండు పిల్లలు గ్రౌండంతా పరుచుకుని వాయించారు. బంతి లేదు కాబట్టి కెమెరా కదలకుండా మొత్తం చూపించింది. ఎంత బాగుందో. అప్పుడే వచ్చిన పక్కింటాయన "ఏటి మాస్టారూ, ఈ బాజాల కోసమేనా పొద్దున్నే లేస్తన్నారు?" అన్నాడు.

నాలుగో క్వార్టర్లో రెండు నిమిషాల చిల్లర మిగిలింది. మావాళ్లు 20, వాళ్లు 24. బంతి మావాళ్ల చేతిలో. ఇంతలో ఫ్యామిలీ గ్రూపులో అమ్మాయి మెసేజ్: "అయ్యో". టీవీలో ఇంకా అందరూ వంగుని బంతి కోసం చూస్తున్నారు! లైవ్ అంటారు గానీ నిమిషం ఆలస్యంగా వస్తుంది. ఫోన్లు పక్క గదిలో పెట్టి చూడాలని నాకు అప్పుడే తెలిసింది. ఏం అయ్యో అని గుండె పట్టుకుని చూస్తే, మా టీము కుర్రాడొకడు బంతి అందుకుని ఎడమ పక్క సందులోంచి దూరి ముప్ఫై గజాల పైన పరిగెత్తి గీత దాటేశాడు. టచ్‌డౌన్. మా ఆవిడ చప్పట్లు కొట్టేసింది. నేను కొట్టలేదు, ఆ "అయ్యో" ఇంకా బాకీ ఉంది కదా.

పసుపు గుడ్డ. పట్టుకున్నందుకు. టచ్‌డౌన్ చెల్లదు. కామెంటరీ చెప్పేవాడు "సిక్స్‌టీ త్రీ" అన్నాడు.

వెనక్కి తిప్పి చూసే సదుపాయం ఉంది. మూడుసార్లు తిప్పాను. మూడుసార్లూ కెమెరా బంతితోనే వెళ్లిపోయింది. ఆ ఎడమ పక్క సందులో ఏం జరిగిందో ఎక్కడా లేదు. ఇన్ని మండల పోటీలకి అంపైరింగ్ చేసినవాణ్ణి, నా మనవడు తప్పు చేశాడో లేదో నేను చెప్పలేకపోయాను. మళ్లీ లైవ్‌కి రావడానికి బటన్ వెతుక్కునేసరికి మావాళ్ల ఆఖరి ఛాన్సు కూడా అయిపోయింది. ఓడిపోయారు.

గ్రౌండంతా కనిపించే వ్యూ ఇంకొకటి పెట్టండి, డబ్బు ఎక్కువైనా ఇస్తాను అని సర్వీసు వాళ్లకి రాశాను. మా సేవ ఎలా ఉంది, రేటింగ్ ఇవ్వండి అని మెయిల్ వచ్చింది. అందుకే ఇదంతా.

ఒక సంగతి దాచను. ఆటయ్యాక బంతిని ఎవరో సంచీలో వేసేశారు. కెమెరాకి వెంటపడ్డానికి ఏమీ లేక మధ్యలో ఆగిపోయింది. రెండు టీములూ వరసగా చేతులు కలుపుకుంటున్నాయి. 63 ఎడమ పక్కన ఒక్కడే గడ్డి మీద కూర్చున్నాడు, హెల్మెట్ తీసి పక్కన పెట్టుకుని. అవతలి టీము కుర్రాడు ఒకడు వచ్చి చెయ్యిచ్చి లేపాడు. మా ఆవిడ తెర దగ్గరికి వెళ్లి నిలబడింది. ఆగస్టు నుంచీ వాణ్ణి అంతసేపు చూసింది అదే మొదలు. నాలుగు నిమిషాల తరవాత ప్రసారం ముగిసిందని పడింది.

సాయంత్రం, వాళ్లకి తెల్లారాక, ఫోన్ చేశాను. అటూ ఇటూ మాట్లాడకుండా అడిగేశాను.

"చెప్పరా, పట్టుకున్నావా లేదా?"

కాసేపు మాట్లాడలేదు. "కొంచెం, తాతా."

"ఎంత కొంచెం?" అనేలోపు మా ఆవిడ ఫోను లాక్కుని "తిన్నావా నాన్నా?" అంది.