రికో జీఆర్ త్రీ: రోజువారీ ఫోటోలకు జేబు కెమెరా

విడిగా ఒక చిన్న కెమెరా కొనాలనుకునేవాళ్లు సాధారణంగా ముందు మెగాపిక్సెళ్లు, జూమ్, వీడియో నాణ్యత చూస్తారు. రోజూ వెంట ఉంచుకునే కెమెరా విషయంలో మాత్రం వీటన్నిటికంటే ముందు చూడవలసింది ఇంకొకటి ఉంది. కంటికి ఏదో కనిపించిన క్షణానికీ, అది ఫోటోగా పడిన క్షణానికీ మధ్య ఎంత వ్యవధి పోతుందన్నదే అది. ఇంట్లో పిల్లల నవ్వు, బస్టాపులో ఇద్దరు ముసలివాళ్ల పలకరింపు, చినుకు పడగానే బండి మీద పట్టా కప్పే కూరగాయలామె తొందర, ఇవేవీ కెమెరా సిద్ధమయ్యేదాకా ఆగవు. రికో సంస్థ 2019 మార్చిలో విడుదల చేసిన జీఆర్ త్రీ ఈ వ్యవధిని తగ్గించడం మీదే మనసు పెట్టి చేసిన కెమెరా. దాన్ని హైదరాబాదు వీధుల్లోనూ ఇంట్లోనూ వాడుతూ వచ్చిన అనుభవంతో, అందులో ఏముంది, ఏం లేదు, ఎవరికి పనికొస్తుంది అన్నది వివరంగా రాస్తున్నాను.

ఈ వరుస కెమెరాలకు పాత చరిత్రే ఉంది. 1996లో జీఆర్ వన్ అనే ఫిల్ము కెమెరాతో మొదలై, 2005లో డిజిటల్‌కు మారి, 2013లో పెద్ద సెన్సరును (వెలుతురును బొమ్మగా పట్టే చిప్పును) చిన్న ఒంట్లో ఇమిడ్చింది. జీఆర్ త్రీ ఒళ్లు సుమారు 109 మిల్లీమీటర్ల పొడవు, 62 మిల్లీమీటర్ల ఎత్తు, 33 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. బ్యాటరీ, కార్డు కలుపుకుని 257 గ్రాములు తూగుతుంది. ప్యాంటు జేబులో హాయిగా పడుతుంది, చొక్కా జేబులో కొంచెం బరువుగా వేలాడుతుంది. లెన్సు లోపలికి ముడుచుకుని దాని రెక్కలు వాటంతటవే మూసుకుంటాయి కనుక మూత తీయడం, మూత పారేసుకోవడం అనే బెడద లేదు. ఇంత చిన్న ఒంట్లో ఉన్నది మాత్రం పెద్ద డీఎస్ఎల్ఆర్ కెమెరాల్లో వాడే ఏపీఎస్-సీ సెన్సరు. జేబు కెమెరాల్లో ఎక్కువగా కనిపించే ఒక అంగుళం రకం సెన్సరు వైశాల్యం సుమారు 116 చదరపు మిల్లీమీటర్లయితే, దీనిది 366కు పైనే. 24 మెగాపిక్సెళ్లన్న అంకె కంటే ఈ వైశాల్యానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను. సాయంత్రపు వెలుతురులో ముఖం మీది ఛాయలు మెత్తగా ఒకదానిలోంచి ఒకటి మారడం, ఇంటి లోపల తీసిన ఫోటోలో చీకటి మూలలు బురదగా మారకుండా ఉండడం, ఈ రెండూ అక్కడినుంచే వస్తాయి.

పట్టుకున్న తీరును బట్టే ఈ కెమెరా ఆలోచన తెలుస్తుంది. తరచూ వాడే మీటలన్నీ కుడిచేతి వైపే ఉన్నాయి. ఎడమ చేతిలో సంచీ ఉన్నా, గొడుగు ఉన్నా, పిల్లవాడి చెయ్యి ఉన్నా, కుడి బొటనవేలితో, చూపుడువేలితో ఎపర్చరు (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం), ఎక్స్‌పోజరు (ఫోటోలో పడే వెలుతురు మోతాదు), ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సరు స్పందించే తీవ్రత) అన్నీ మార్చుకోవచ్చు. ఆన్ చేసే మీట నొక్కిన తరువాత సెకను లోపే, సంస్థ లెక్క ప్రకారం 0.8 సెకన్లలో, ఫోటోకు సిద్ధమవుతుంది. పై చక్రం మీద యూ1, యూ2, యూ3 అని మూడు గుర్తులుంటాయి. మనకు నచ్చిన అమరికలను వాటిలో దాచుకుంటే మెనూలోకి వెళ్లే పనే ఉండదు. నేను మొదటిదాన్ని ఎండలో వీధికి, రెండోదాన్ని ఇంటి లోపలికి, మూడోదాన్ని నలుపు తెలుపు చిత్రాలకు పెట్టుకున్నాను.

ఇక అసలు విశేషం స్నాప్ ఫోకస్. ఈ ఒక్క సౌకర్యం కోసమే జీఆర్ వాడేవాళ్లు ఎందరో ఉన్నారు, అది న్యాయమే. మామూలు కెమెరాలో మీట సగం నొక్కితే అది దూరాన్ని వెతుక్కుని, దొరికిందని చెప్పాక మనం పూర్తిగా నొక్కాలి. ఇందులో మీటర్, మీటరున్నర, 2, 2.5 మీటర్లు ఇలా ఒక దూరాన్ని ముందే నిర్ణయించి పెట్టుకోవచ్చు. ఆపైన సగం నొక్కడమనే మెట్టును వదిలేసి ఒకేసారి పూర్తిగా నొక్కితే, కెమెరా వెతుకులాట లేకుండా నేరుగా ఆ దూరానికి పోయి ఫోటో తీసేస్తుంది. తాపీగా సగం నొక్కితే మామూలు ఆటో ఫోకస్ యథాప్రకారం పనిచేస్తుంది. అంటే ఒకే మీటలో రెండు పద్ధతులున్నాయి, ఏది కావాలో వేలే నిర్ణయిస్తుంది.

ఇది పనిచేయడానికి కారణం లెన్సు స్వభావంలో ఉంది. ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ ఎపర్చరు రంధ్రం చిన్నదవుతుంది. 18.3 మిల్లీమీటర్ల వెడల్పు లెన్సును ఎఫ్ 8కి మూసి దూరాన్ని 2.5 మీటర్ల దగ్గర నిలిపితే, లెక్క ప్రకారం సుమారు 1.2 మీటర్ల నుంచి అనంతం దాకా అంతా తగినంత స్పష్టంగా పడుతుంది. మధ్యాహ్నపు ఎండలో మొజంజాహీ మార్కెట్ చుట్టూ నడుస్తున్నప్పుడు ఎఫ్ 8కి వెలుతురు కొదవ ఉండదు కనుక, నాలుగడుగుల పైన ఎదురుపడేదేదైనా ఫోకస్ గురించి ఆలోచించకుండా తీసుకోవచ్చు. అదే అలవాటును సందె చీకట్లో కొనసాగించి ఎపర్చరును ఎఫ్ 2.8కి తెరిస్తే ఈ విస్తృతి బాగా కుంచించుకుపోతుంది. అప్పుడు దూరాన్ని కంటితో అంచనా వేయడం నేర్చుకోక తప్పదు. నా మట్టుకు నాకు మీటరున్నర అంటే ఇద్దరు మనుషులు నిలబడి మాట్లాడుకునే దూరం అన్న గుర్తు సరిపోతుంది.

వెలుతురు తగ్గినచోట మామూలు ఆటో ఫోకస్ కొంత తడుముకుంటుంది. పరుగెత్తే పిల్లలను వెంబడించి పట్టుకోవడం దీని వల్ల అయ్యే పని కాదు. దానికి బదులుగా సెన్సరును కదిలించి చేతి వణుకును సరిచేసే ఏర్పాటు ఉంది. మూడు అక్షాల మీద నాలుగు స్టాపుల దాకా (ఒక్కో స్టాపు అంటే వెలుతురు పట్టే వ్యవధి రెట్టింపు) సరిచేస్తుందని సంస్థ చెబుతుంది. కార్తీక మాసంలో గుడి మెట్ల మీద దీపాలను తీసేటప్పుడు దీని విలువ బాగా తెలుస్తుంది. ఐఎస్ఓను పెద్దగా పెంచకుండానే సెకనులో ఎనిమిదో వంతు దాకా చేత్తో పట్టుకుని తీసినా దీపపు ప్రమిద అంచు చెదరదు. దీపం పెడుతున్న ఆమె చెయ్యి మాత్రం కదులుతుంది కాబట్టి అలుక్కుపోయినట్టే పడుతుంది. వణుకును ఆపే ఏర్పాటు మన చేతి కదలికనే ఆపగలదు, ఎదుటివాళ్ల కదలికను కాదన్న సంగతిని కొనేముందే గ్రహించాలి.

లెన్సు 35 మిల్లీమీటర్ల ఫిల్ము లెక్కలో 28 మిల్లీమీటర్లకు సమానం. జూమ్ లేదు. ఫోన్లలోని ప్రధాన కెమెరా చూపు కూడా ఇంచుమించు ఈ వెడల్పుకు దగ్గరగానే ఉంటుంది కాబట్టి ఫోన్‌కు అలవాటుపడ్డ కన్నుకు ఇది కొత్తగా అనిపించదు. అయితే ఒక మనిషిని ఫోటోలో ముఖ్యంగా నిలబెట్టాలంటే బాగా దగ్గరికి వెళ్లాలి, వెళ్తే వాళ్లతో మాట్లాడక తప్పదు. నాకు ఇది ఈ కెమెరా చేసే మేలుగానే తోచింది. రైతుబజారులో ఆకుకూరలమ్మే పెద్దావిడను దూరం నుంచి దొంగచాటుగా తీయడం దీనితో కుదరదు. "అమ్మా, ఒక ఫోటో తీసుకోనా?" అని అడిగి, ఆవిడ కొంగు సర్దుకున్నాక తీయాలి. ముఖాన్ని అంచులకు పెట్టకుండా జాగ్రత్తపడాలి, లేకపోతే వెడల్పు లెన్సు గుణం వల్ల చెంపలు సాగినట్టు కనిపిస్తాయి. కావాలంటే మీట నొక్కి 35, 50 మిల్లీమీటర్ల చూపుకు కత్తిరించుకోవచ్చు గాని, అప్పుడు మిగిలేవి సుమారు 15, 7 మెగాపిక్సెళ్లు. మొదటిది పెద్ద ప్రింటుకు కూడా చాలు, రెండోదాన్ని అవసరం పడితేనే వాడాలి.

రంగుల విషయం కొంచెం నిలబడి చెప్పాలి. ఇమేజ్ కంట్రోల్ అనే విభాగంలో ముందే సిద్ధం చేసిన కొన్ని పోకడలున్నాయి. వాటిలో పాజిటివ్ ఫిల్మ్‌ను చాలామంది ఇష్టపడతారు. పాత స్లైడు ఫిల్ములా రంగులను చిక్కబరచి, నీడలను లోతుగా చేస్తుంది. లాడ్ బజారు గాజుల దుకాణాల ముందు ఇది కన్నులపండువగా ఉంటుంది. కాని మన ఎండలో, మన ఒంటి రంగుతో, ఇదే పోకడను యథాతథంగా వాడితే మిట్టమధ్యాహ్నం కళ్ల కింద, గడ్డం కింద నీడలు నల్లగా మూసుకుపోతాయి. అమరికల్లో నీడల కాంట్రాస్టును సర్దుకుంటే ముఖం మళ్లీ తెరుచుకుంటుంది. ఆ మార్పును యూ1లో దాచుకోవడం మంచిది. దానికి తోడు, బాగా మెరిసే భాగాలను కాపాడే హైలైట్ వెయిటెడ్ అనే మీటరింగు (వెలుతురును కొలిచే) పద్ధతి కూడా ఉంది. తెల్ల పంచె కట్టుకున్న మనిషి ఎండలో నిలబడితే మామూలు మీటరింగులో పంచె మడతలు తెల్లగా కరిగిపోయే ప్రమాదం ఉంటుంది. దీనిలో మడతా జరీ అంచూ నిలుస్తాయి, మిగతా చిత్రం ముదురుగా పడుతుంది. ఆ ముదురును తరువాత సరిచేసుకోవడానికి డీఎన్‌జీ రూపంలో రా ఫైలును (సెన్సరు పట్టిన సమాచారాన్ని మార్చకుండా ఉంచే ఫైలును) కూడా దాచుకోవచ్చు. కంప్యూటరు లేకుండా కెమెరాలోనే రాను మళ్లీ వేరే పోకడలో జేపెగ్‌గా (మామూలు ఫోటో ఫైలుగా) మార్చుకునే వీలు కూడా ఉండడం నాకెంతో నచ్చింది.

మాక్రో పద్ధతిలో లెన్సు 6 సెంటీమీటర్ల దగ్గరిదాకా వెళ్లగలదు. గుడి ముందు పూలమ్మే ఆవిడ మల్లెమొగ్గలను రెండేసిగా పేర్చి, తడిపిన అరటినారను చూపుడువేలి చుట్టూ తిప్పి ముడి బిగించే తీరును ఆ దూరం నుంచి తీస్తే, నారలోని పోగులు, మొగ్గ కొనన ఉండే లేత గులాబీ రంగు, గోరు మీది తడి స్పష్టంగా పడతాయి. ఇంత దగ్గరగా వెళ్లినప్పుడు కెమెరా నీడే వస్తువు మీద పడుతుంది కనుక వెలుతురు పక్కనుంచి వచ్చేలా నిలబడాలి. పని కాగానే మాక్రోను ఆపడం మరిచిపోతే దూరంలో ఉన్నవేవీ ఫోకస్ కావు.

లేనివాటి జాబితా చిన్నదేమీ కాదు. ముందు వచ్చిన జీఆర్ టూలో ఉన్న చిన్న ఫ్లాష్‌ను ఇందులో తీసేశారు. రాత్రి పెళ్లి ఊరేగింపుల్లో, ఇంట్లో పుట్టినరోజు వేడుకల్లో ఫ్లాష్ కావాలనుకుంటే విడిగా కొని పైన తగిలించుకోవాలి. అలా తగిలిస్తే అది జేబు కెమెరాగా మిగలదు. కంటికి ఆనించి చూసే వ్యూఫైండర్ లేదు, వెనుక ఉన్న 3 అంగుళాల స్క్రీన్ కదలదు. ఏప్రిల్, మే నెలల ఎండలో స్క్రీన్ మీద బొమ్మ పోల్చుకోవడం కష్టం. వీడియో ఫుల్ హెచ్‌డీ దాకానే ఉంది, 4కే లేదు. వీడియో ముఖ్యమనుకునేవాళ్లు దీని జోలికి రాకపోవడమే మంచిది. బ్యాటరీ సంస్థ లెక్క ప్రకారమే 200 ఫోటోలకు మించదు. పండగ రోజున ఉదయం బయలుదేరితే మధ్యాహ్నానికే అయిపోవచ్చు. యూఎస్‌బీ-సీ తీగతో ఫోన్ పవర్ బ్యాంకు నుంచే ఛార్జింగ్ ఎక్కుతుంది గాని, ఇంకొక బ్యాటరీ కొని జేబులో వేసుకోవడమే నిశ్చింత. కార్డు ఇంట్లో మరిచిపోయిన రోజున 2 జీబీ అంతర్గత మెమరీ ఆదుకుంటుంది.

అన్నిటికంటే పెద్ద లోపం, నా దృష్టిలో, వాన నుంచీ దుమ్ము నుంచీ రక్షణ లేకపోవడం. లెన్సు ముందుకూ వెనక్కూ కదిలే కెమెరా కనుక సందుల్లోంచి ధూళి లోపలికి చేరే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. సెన్సరును కంపింపజేసి దుమ్మును దులిపే ఏర్పాటు ఉన్నా, అంటుకుపోయిన రేణువును అది వదిలించలేదు. లెన్సు ఊడదీసే వీలు లేదు కాబట్టి ఇంట్లో మనం తుడుచుకోవడమూ సాధ్యం కాదు. రోజూ జేబులో ఉంచుకోమని చేసిన కెమెరాకు ఈ రక్షణ లేకపోవడం సబబు కాదు. జేబులో నూలుపోగులు, ఊళ్లో రోడ్డు పనుల దుమ్ము ఎప్పుడూ ఉండేవే కనుక, బిగుతైన చిన్న గుడ్డసంచిలో పెట్టి జేబులో వేసుకోవాలని సలహా ఇస్తాను.

ఇది ఎవరికి సరిపడదో ముందు చెబుతాను. ప్రయాణాల్లో దూరపు గోపురాలు, పక్షులు, వేదిక మీది కూచిపూడి నాట్యం తీయాలనుకునేవాళ్లకు సోనీ ఆర్ఎక్స్100 సెవెన్ వంటి జూమ్ కెమెరా మేలు, దాని చూపు 24 నుంచి 200 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. వ్యూఫైండర్ లేనిదే ఫోటో తీయలేనివాళ్లకు ఫ్యూజీఫిల్మ్ ఎక్స్100 సిక్స్ ఉంది, అయితే అది 521 గ్రాములు తూగుతుంది, ప్యాంటు జేబులో పట్టదు. వీధిని, ఇంటిని, ఎదురుపడే మనుషులను దగ్గరగా తీయాలనుకునేవాళ్లకు జీఆర్ త్రీని నిస్సంకోచంగా సిఫార్సు చేస్తాను. వీధి దృశ్యాల కంటే మనుషుల ముఖాలే ఎక్కువగా తీసేవాళ్లు 2021లో వచ్చిన జీఆర్ త్రీ ఎక్స్‌ను చూడాలి. ఒళ్లు ఇంచుమించు అదే, చూపు మాత్రం 40 మిల్లీమీటర్లు, ముఖాలు సహజంగా పడతాయి. 2025లో జీఆర్ ఫోర్ కూడా వచ్చింది కనుక జీఆర్ త్రీని వాడినవాళ్ల దగ్గర కొనుక్కునే అవకాశం ఎక్కువ.

అలా కొనేటప్పుడు ఒక పరీక్ష తప్పనిసరిగా చేయాలి. ఎపర్చరును ఎఫ్ 16కి మూసి, మబ్బులేని ఆకాశాన్నో తెల్లని గోడనో ఫోటో తీసి, స్క్రీన్ మీద పెద్దది చేసి నాలుగు మూలలూ జరుపుతూ చూడాలి. సెన్సరు మీద దుమ్ము చేరి ఉంటే బూడిదరంగు గుండ్రటి మచ్చలుగా బయటపడుతుంది. ఎఫ్ 2.8లో అదే దుమ్ము కనిపించకుండా దాక్కుంటుంది కాబట్టి అమ్మేవాళ్లు చూపించే నమూనా ఫోటోలను నమ్మకూడదు. మచ్చలుంటే ఒంటిని విప్పి శుభ్రం చేయించవలసిందే గనుక, ఆ సర్వీసు ఖర్చెంతో ముందు కనుక్కుని, ధరలో తగ్గించమని అడిగి తీసుకోవాలి.