స్ప్రింగా, సైడ్ లీవరా, సిలిండరా: పది మీటర్ల పోటీకి ఏ ఎయిర్ రైఫిల్ మేలు?

హన్మకొండలోనో కాజీపేటలోనో ఒక పిల్ల షూటింగ్ నేర్చుకుంటానంటే, ఇంట్లో వెంటనే రైఫిల్ ఏది కొనాలన్న మాట వస్తుంది. అమ్మేవాళ్లు బారెల్ గొప్పదనం చెబుతారు, ట్రిగ్గర్ ఎంత తేలికో చూపిస్తారు. పేరున్న పోటీ రైఫిళ్లలో అవి రెండూ దాదాపు ఒకే స్థాయిలో ఉంటాయి. వరంగల్‌లో ఉన్నవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది గాలి సంగతి. గుండుని తోసే గాలి ఎక్కడ తయారవుతుంది, దాన్ని ఎవరు నింపుతారు, అందులో తేమ ఎంత?

పోటీ కొలతలు తెలిస్తే తేడా ఎక్కడ పడుతుందో అర్థమవుతుంది. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పదో వలయం 0.5 మిల్లీమీటర్ల చుక్క, మొత్తం టార్గెట్ 45.5 మిల్లీమీటర్లు. గుండు 4.5 మిల్లీమీటర్లు. నడిబొడ్డున పడితే స్కోరు 10.9; అక్కడి నుంచి ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే 0.4 దాకా పోతుంది. గురి చూసే ముందు సైటు, వెనక సైటు మధ్య దూరం 70 సెంటీమీటర్లు అనుకుంటే, ముందు సైటు 0.07 మిల్లీమీటర్లు, అంటే ఒక వెంట్రుక మందం, తప్పినా టార్గెట్ మీద ఆ ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చేస్తుంది. ఇలా 60 గుండ్లు, 75 నిమిషాలు. రైఫిల్ బరువు 5.5 కిలోలు దాటకూడదు.

లైసెన్సు గురించి ఒక మాట. 2016 ఆయుధ నియమాల ప్రకారం బారెల్ రంధ్రం 4.5 మిల్లీమీటర్లకు, గుండు శక్తి 20 జౌళ్లకు మించని ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు. పోటీ రైఫిల్ 0.53 గ్రాముల గుండుని సెకనుకి 170 మీటర్ల వేగంతో పంపితే వచ్చేది సుమారు 7.7 జౌళ్లు. బిల్లు మాత్రం ఎప్పుడూ పెట్టెలోనే ఉంచండి. రైలెక్కేటప్పుడు, బస్సెక్కేటప్పుడు రైఫిల్‌ని పెట్టెలో పెట్టి తాళం వేయండి.

స్ప్రింగ్ రైఫిల్ చవక, ఎక్కడైనా దొరుకుతుంది, బయటి గాలి అక్కర్లేదు. బారెల్‌ని మడిస్తే లోపల స్ప్రింగ్ బిగుసుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే పిస్టన్ ముందుకు దూకి గాలిని నొక్కుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. బరువైన పిస్టన్ దూకేసరికి రైఫిల్ వెనక్కి తంతుంది, పిస్టన్ చివర ఆగేసరికి ముందుకు తంతుంది, గుండు ఇంకా బారెల్ దాటకముందే. అందుకే చెయ్యి ఎక్కడ ఆనించారు, భుజానికి ఎంత గట్టిగా నొక్కారు అన్నదాన్ని బట్టి గుండు పడే చోటు మారిపోతుంది. ఫైన్‌వెర్క్‌బౌ 300 ఎస్ అనే స్ప్రింగ్ పోటీ రైఫిల్‌లో చట్రం మొత్తాన్ని పట్టాల మీద జారేలా చేసి ఈ తన్నుని మింగేశారు. అలాంటివి ఇప్పుడు పాతవే దొరుకుతాయి. సాధారణ స్ప్రింగ్ రైఫిల్‌తో రాష్ట్ర స్థాయికి సిద్ధం కావాలనుకోవడం పిల్ల శ్రమకి అన్యాయం. తప్పు తనదా, రైఫిల్‌దా అన్నది ఆ పిల్లకి ఎప్పటికీ తెలియదు. ఇంట్లో ఇప్పటికే ఉంటే రెండు జాగ్రత్తలు తీసుకోండి. గుండు లేకుండా పేల్చకండి. గాలి దిండులా అడ్డుపడక పిస్టన్ నేరుగా లోపలి గొట్టం చివరి గోడకి కొట్టుకుంటుంది. లోపల మామూలు ఆయిల్ వేయకండి. నొక్కిన గాలి వేడికి అది అంటుకుని, గాలి పోకుండా ఆపే సీలుని కాల్చేస్తుంది.

సైడ్ లీవర్ రకంలో ఒక్కసారి లీవర్ తెరిచి మూస్తే ఒక గుండుకి సరిపడా గాలి లోపల నొక్కుకుంటుంది. పేల్చేటప్పుడు కదిలే పిస్టన్ లేదు కాబట్టి తన్ను దాదాపు లేనట్టే. ఫైన్‌వెర్క్‌బౌ 603, అన్‌షుట్జ్ 2002 ఈ రకానివే. బాగున్న సీలుతో ఇవి ఈనాటికీ 10.5 పైన పెడతాయి. సిలిండర్ లేదు, పంపు లేదు, ఎక్కడికీ పోనక్కర్లేదు. వరంగల్‌లాంటి ఊళ్లో దీని విలువ చిన్నది కాదు.

దీని బరువు వేరేచోట పడుతుంది. పోటీలో 60 గుండ్లు, అంతకుముందు గురి సరిచూసుకోవడానికి కొట్టేవి ఒక పాతిక, అంటే 85 సార్లు లీవర్ కొట్టాలి. మూసేటప్పుడే బలం ఎక్కువ కావాలి. ప్రతిసారీ రైఫిల్ భుజం దిగుతుంది, నడుము తిరుగుతుంది, పాదాల మీది భారం మారుతుంది. నిలబడే భంగిమలో కష్టపడి కూడగట్టుకున్న పొందిక అంతా ప్రతి గుండుకీ మళ్లీ మొదటికి. పన్నెండేళ్ల పిల్లకి నలభయ్యో గుండు దగ్గర కుడి భుజం బరువెక్కడం కళ్లకు కనిపిస్తుంది. మోచెయ్యి పక్కకు జరుగుతుంది, గుండ్లు వరుసగా కిందికి దిగడం మొదలవుతుంది. ఇంకో జాగ్రత్త: లీవర్ మూశాక పేల్చకుండా వదిలేయకండి. నొక్కుడులో ఉండిపోయిన సీలు ఆకారం పోగొట్టుకుంటుంది, వేగం తగ్గుతుంది. పాతది కొనేటప్పుడు వేగం కొలిచే యంత్రం మీద పది గుండ్లు కొట్టించండి. అత్యధికానికీ అత్యల్పానికీ తేడా సెకనుకి 3 మీటర్లు దాటితే సీలు మార్పించే ఖర్చు ధరలో తగ్గించమనండి.

ఇక సిలిండర్ రకం. ఈనాటి పోటీల్లో దాదాపు అందరి చేతుల్లో ఉండేది ఇదే. బారెల్ కింద 200 బార్ల (బార్ అంటే ఒత్తిడి కొలత) గాలి నిండిన గొట్టం, దాని వెనక ఒత్తిడిని ఒకే మట్టానికి దించే రెగ్యులేటర్. గుండు పెట్టడానికి చిన్న లీవర్, వేలితో తిప్పేంత తేలిక. భంగిమ కదలదు. మొదటి గుండు వేగం, అరవయ్యో గుండు వేగం ఒకటే. రైఫిల్ సంగతి మాత్రమే చూస్తే పోటీకి ఇంతకన్నా మంచిది లేదు.

గాలి లెక్క ఇప్పుడు చూడాలి. గుండుకి 0.65 బార్ తగ్గుతుందనుకుంటే, పోటీ మొత్తం 85 గుండ్లకి 55 బార్లు. సుమారు 70 బార్ల కిందికి దిగితే రెగ్యులేటర్‌కి సరిపడా ఒత్తిడి ఉండదు, గుండ్లు కిందికి జారతాయి. అంటే 130 బార్లకు పైన ఉంటేనే పోటీకి దిగాలి. నింపడానికి 12 లీటర్ల, 200 బార్ల డైవింగ్ సిలిండర్ ఉందనుకోండి, రైఫిల్ సిలిండర్ 0.2 లీటర్లు. ప్రతిసారీ 100 బార్ల దగ్గర నింపుకుంటూ పోతే మొదటిసారి 198 వస్తుంది, పదోసారి 185, ఇరవయ్యోసారి 172, ముప్పయ్యోసారి 161. పెద్ద సిలిండర్ ఖాళీ కాదు, సమానమయ్యే మట్టమే దిగుతూ వస్తుంది. అయినా 161 బార్లతో పోటీ హాయిగా పూర్తవుతుంది. రోజూ సాధన చేసే ఇద్దరు పిల్లలకు కూడా ఇది నెల దాటి వస్తుంది. ఆ పెద్ద సిలిండర్‌ని తిరిగి నింపడానికి దాదాపు 145 కిలోమీటర్లు హైదరాబాద్ దాకా పోవాల్సి వస్తే, ఆ ప్రయాణం కూడా రైఫిల్ ధరలో భాగమే.

టైర్ల షాపు కంప్రెసర్‌తో పని జరగదు, అది పది పన్నెండు బార్ల దగ్గరే ఆగుతుంది. ఆక్సిజన్ సిలిండర్ దగ్గరికి మాత్రం పోనే పోకండి. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కి కాస్త గ్రీజు తగిలినా పేలుతుంది.

చేతి పంపు 200 బార్ల దాకా ఎక్కిస్తుంది, చివరి 50 బార్లు పెద్దవాళ్ల ఒంటి బరువు మొత్తం అడుగుతాయి. వానాకాలంలో దీనితో వచ్చే బాధ తేమ. 200 రెట్లు నొక్కిన గాలిలోంచి తడిబట్ట పిండినట్టు నీళ్లు దిగుతాయి, సిలిండర్ లోపల తుప్పు పడుతుంది, రెగ్యులేటర్ మొరాయిస్తుంది. పంపు ముందు తేమ పీల్చే గింజల గొట్టం తప్పనిసరి. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగాయంటే మార్చాలి. యాభై స్ట్రోకులకొకసారి ఆగి, కింది మర వదులు చేసి నీళ్లు వదలాలి.

వేసవిది ఇంకో రకం. 25 డిగ్రీల దగ్గర 200 బార్లు నింపిన సిలిండర్‌ని ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే, లోపల 65 డిగ్రీలకు చేరినప్పుడు ఒత్తిడి 227 బార్లు అవుతుంది. మే నెలలో 180 దగ్గరే ఆపండి, కారులో వదలకండి. గబగబా నింపినా వేడెక్కి, ఒత్తిడి చూపే గేజ్ ఎక్కువ చూపిస్తుంది, చల్లారాక పది బార్లు పైగా పడిపోతుంది. అది లీకు కాదు.

పాత సిలిండర్ రైఫిల్ చవకగా వస్తోందంటే ముందు సిలిండర్ మీద చెక్కిన తేదీ చూడండి. తయారీదారులు సాధారణంగా పదేళ్ల గడువు పెడతారు, అది దాటిన సిలిండర్‌ని పోటీల్లో తనిఖీ దగ్గరే ఆపేస్తారు. రైఫిల్ ఎంత కొత్తగా మెరిసినా, కొత్త సిలిండర్ ధర కలిపి బేరమాడండి.

ఇంట్లో వాడుకకి 10 మీటర్లు అంటే నిలబడే గీత నుంచి టార్గెట్ దాకా. మనిషికి, గుండ్లు ఆపే పెట్టెకి కలిపి 12 మీటర్ల మూసిన వరండా కావాలి. డాబా మీద, చుట్టూ ఇళ్లున్నచోట వద్దు.

మరి ఏది కొనాలి? పిల్ల ఏడాదిలో పోటీకి దిగుతుందని కోచ్ అంటే, మీకు గంట దూరంలో గాలి నింపే చోటు కూడా ఉంటే, సిలిండర్ రకమే. బరువు తక్కువున్న జూనియర్ మోడల్ చూడండి, రెండో సిలిండర్‌ని మొదటిరోజే కొనండి. గాలికి దారి లేకపోతే, ములుగు వైపో భూపాలపల్లి వైపో ఉంటే, సీలు బాగున్న పాత సైడ్ లీవర్ ఎక్కువ గుండ్లు కొట్టిస్తుంది. ఖాళీ సిలిండర్ అలమరాలో ఉన్న గొప్ప రైఫిల్ కన్నా అదే మేలు. ఎదిగిన పిల్లలకైతే ఇంకా నయం, లీవర్ భారం వాళ్లని అంతగా కుంగదీయదు.

సిలిండర్ రకం ఇంటికి వచ్చిన రాత్రే పరీక్షించండి. గది చల్లబడ్డాక గేజ్ అంకె రాసిపెట్టండి, మర్నాడు అదే వేళకి చూడండి. తగ్గితే సిలిండర్‌ని విప్పి ఇంకో రోజు విడిగా ఉంచి, మళ్లీ బిగించి అంకె చూడండి. విడిగా ఉన్నప్పుడు కూడా తగ్గితే దాని వాల్వ్ లీకు. రైఫిల్‌కి బిగించినప్పుడే తగ్గితే మెడ దగ్గరి ఓ-రింగ్ (గాలి పోకుండా ఆపే రబ్బరు వలయం) అరిగి ఉండొచ్చు. మెడ చుట్టూ సబ్బు నీళ్లు రాస్తే చిన్న బుడగ ఎక్కడ లేస్తుందో అక్కడే చూడాలి.